మెట్ల కింద సర్వర్‌ని ఏం చేయాలి?

ప్రశ్న: మాది అరవై మంది పనిచేసే సంస్థ. మెట్ల కింద చిన్న గదిలో 2018లో కొన్న రెండు సర్వర్లున్నాయి. ఒకదాంట్లో లెక్కలు, స్టాకు చూసే సాఫ్ట్‌వేర్. రెండోదాంట్లో డిజైన్ ఫైళ్ళు దాదాపు 4 టెరాబైట్లు, మెయిల్ (మైక్రోసాఫ్ట్ వాళ్ళ మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్స్ఛేంజ్ 2016). రెండింటి వారంటీ ఎప్పుడో అయిపోయింది. మా తమ్ముడు "వచ్చే నెలకల్లా అన్నీ క్లౌడ్‌లో పెట్టేద్దాం, ఖర్చు సగమవుతుంది" అంటాడు. పద్నాలుగేళ్ళుగా మా దగ్గరున్న సిస్టమ్ అడ్మిన్ "మన డేటా ఎవరి చేతుల్లోనో పెట్టడమేంటి సార్" అంటాడు. తీర్పు నన్ను చెప్పమంటున్నారు.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బ్యాకప్ అనే మాట ఎక్కడా కనిపించలేదు. తీర్పు సంగతి తర్వాత. ముందు ఒక సెలవు రోజున మీ అడ్మిన్‌ని కూర్చోబెట్టి, నిన్నటి బ్యాకప్‌తో వేరే ఖాళీ మెషీన్ మీద ఆ లెక్కల సాఫ్ట్‌వేర్‌ని లేపి చూపించమనండి. ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. మీ తమ్ముణ్ణి కూడా పక్కన ఉండమనండి.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. నేను పదహారేళ్ళు సర్వర్ గదికి కాపలా కాశాను. ఒకసారి రెయిడ్ 5లో (కొన్ని డిస్కుల్ని కలిపి, ఒకటి పోయినా డేటా నిలిచేలా చేసే ఏర్పాటు) ఒక డిస్క్ పోయింది. కొత్తది పెట్టి, పోయిన డేటాని అందులో తిరిగి నింపే రీబిల్డ్ మొదలుపెట్టాం. అది సగంలో ఉండగానే రెండో డిస్క్ పోయింది. అన్నీ ఒకే రోజు కొన్న, ఒకే బ్యాచ్ డిస్కులు మరి. "కంగారు పడకండి, బ్యాకప్ ఉంది" అన్నాను ధీమాగా. రోజూ పొద్దున్నే పచ్చ టిక్కుతో రిపోర్టు వచ్చేది కదా! తెరిచి చూస్తే, ఏడు నెలలుగా అది ఒక ఖాళీ ఫోల్డర్‌ని శ్రద్ధగా కాపీ చేస్తోంది. ఎవరో డేటాబేస్‌ని వేరే డ్రైవ్‌కి మార్చి, బ్యాకప్‌కి ఆ సంగతి చెప్పలేదు. ఆ ఎవరో నేనే.

సర్వర్ మన గదిలో ఉంటే భద్రమనే మీ అడ్మిన్ మాట వినగానే నాకు ఆ ఫోల్డరే గుర్తొచ్చింది. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలో డేజియోన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి, బయట కాపీ లేదు. పేరుకు అదీ క్లౌడే, కాకపోతే సొంత కప్పు కింద.

అలాగని మీ తమ్ముడు గెలిచినట్టు కాదు. 2024 మేలో ఆస్ట్రేలియా పెన్షన్ నిధి యూనిసూపర్‌కి గూగుల్ క్లౌడ్‌లో ఉన్న ఒక ప్రైవేట్ క్లౌడ్ (దానికోసమే విడిగా కేటాయించిన సర్వర్లు), సెట్టింగులో జరిగిన పొరపాటు వల్ల తొలగిపోయింది.  విడిగా దాచుకున్న బ్యాకప్‌లే వాళ్ళని ఒడ్డున పడేశాయి.

ఇక మీ సామాను. ఒక్క మూటగా కట్టకండి, విడివిడిగా చూడండి.

మెయిల్‌ని మార్చేయండి. ఎక్స్ఛేంజ్ 2016కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 2021 మార్చిలో ప్రపంచమంతా సొంత ఎక్స్ఛేంజ్ సర్వర్ల మీద దాడులు జరిగినప్పుడు, మైక్రోసాఫ్ట్ తానే నడిపే ఆన్‌లైన్ మెయిల్‌కి ఆ లోపాలు తగల్లేదు. దీని మీద మీ ఇంట్లో ఇంకో పూట కూడా వాదన అక్కర్లేదు.

లెక్కల సాఫ్ట్‌వేర్ దగ్గర ఆగండి, అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇలాంటి పాత సాఫ్ట్‌వేర్లు చాలావరకు డేటాబేస్ పక్క గదిలోనే ఉంటుందని నమ్మి రాసినవి. ఆఫీసు నెట్‌వర్క్‌లో సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌ని అడిగే ఒక్కో ప్రశ్న వెళ్ళి రావడానికి అర మిల్లీసెకను అనుకుందాం. ఒక ఇన్వాయిస్ తెరవడానికి 400 సార్లు అడిగినా 0.2 సెకను, ఎవరికీ తెలియదు. డేటాబేస్‌ని మాత్రమే దూరంగా పెట్టి, అదే ప్రయాణం 30 మిల్లీసెకన్లయితే 12 సెకన్లు. రోజుకి వంద ఇన్వాయిస్‌లు తెరిచే అమ్మాయి మీ తమ్ముణ్ణి ఏమంటుందో ఆలోచించండి. సాఫ్ట్‌వేర్, డేటాబేస్ రెండూ అక్కడే ఉంచి, ఇక్కడి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో (అక్కడి మెషీన్ తెరని ఇక్కడి కంప్యూటర్‌లో చూస్తూ) వాడితే ఈ బాధ తగ్గుతుంది. అమ్మినవాళ్ళకి వెబ్ వెర్షన్ ఉంటే ఇంకా మేలు. ముందు లైసెన్స్ ఒప్పుకుంటుందో లేదో వాళ్ళనే రాతపూర్వకంగా అడగండి.

డిజైన్ ఫైళ్ళని కదపకండి. సెకనుకి 50 మెగాబిట్ల అప్‌లోడ్‌తో 4 టెరాబైట్లు పంపడానికే రాత్రీ పగలూ ఆగకుండా ఏడు రోజులకి పైగా పడుతుంది. ఆ తర్వాత పెద్ద ఫైలు తెరిచిన ప్రతిసారీ ఎదురుచూపులే. కొత్త స్టోరేజ్ పెట్టె కొని ఇక్కడే ఉంచండి, క్లౌడ్‌లో బ్యాకప్ కాపీ మాత్రం పెట్టండి.

ఖర్చు సగమవుతుందన్న లెక్క మీ తమ్ముడు ఎక్కడ విన్నాడో గానీ, ఉన్న సర్వర్‌ని ఉన్నట్టుగా ఎత్తి అక్కడ పెడితే అది జరగడం నేను చూడలేదు. క్లౌడ్‌ని అద్దె ఇల్లనడం నాకు నచ్చదు. అద్దె ఇంట్లో బీరువా తెరిచినప్పుడల్లా మీటర్ తిరగదు. ఇక్కడ మెషీన్ నడిచినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. వారానికి 168 గంటలు, మీ ఆఫీసు నడిచేది అందులో 60. మిగతా 108 గంటలు మెషీన్ ఆపగలిగితే ఆదా ఉంటుంది. ఆపడం కుదరదంటే ఏడాదికో మూడేళ్ళకో ముందే మాట ఇచ్చి తగ్గింపు తీసుకోవాలి. బేస్‌క్యాంప్ అనే ప్రాజెక్టుల సాఫ్ట్‌వేర్ తయారుచేసే 37సిగ్నల్స్ 2022లో క్లౌడ్ వదిలేస్తున్నామని ప్రకటించి, సొంత సర్వర్లు కొనుక్కుంది. వాళ్ళ పని ఏడాది పొడవునా దాదాపు ఒకే తీరు, సర్వర్లు చూసుకోగల ఇంజనీర్లూ ఉన్నారు. మీకున్నది ఒక్కడు. అతనికి జ్వరమొస్తే ఎవరు చూస్తారన్నది కూడా ఆ లెక్కలోకి వేయండి.

"వచ్చే నెలకల్లా" అన్న మాట మాత్రం మానిపించండి. నెట్‌ఫ్లిక్స్ 2008 ఆగస్టులో డేటాబేస్ పాడై, అప్పట్లో అద్దెకిచ్చే డీవీడీలు మూడు రోజులు పంపలేకపోయింది. క్లౌడ్‌కి మారాలని అప్పుడే అనుకున్నా, పూర్తయింది 2016 జనవరిలో. మీకు అన్నేళ్ళు వద్దు. మెయిల్‌కి ఒక నెల, అది కుదురుకున్నాక మిగతావి.

ఒక్క విషయంలో మీ అడ్మిన్ భయం న్యాయమైనదే. 2014లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్‌లోకి ఎవడో చొరబడి, డేటాతోపాటు బ్యాకప్‌లనీ చెరిపేశాడు. ఆ సంస్థ మళ్ళీ లేవలేదు. కాబట్టి మీ ప్రధాన ఖాతాకి రెండంచెల తనిఖీ పెట్టండి, బ్యాకప్‌ని వేరే ఖాతాలో, వేరే పాస్‌వర్డ్ కింద ఉంచండి. ఆ పెత్తనం అడ్మిన్‌కే అప్పగించండి. భయపడేవాడే జాగ్రత్తగా చూస్తాడు.

ప్రశ్న: మా క్లౌడ్ ఒప్పందంలో సర్వీసు 99.9 శాతం సమయం నడుస్తుందని హామీ ఉంది. సర్వీసు ఆగితే మా వ్యాపార నష్టం ఇస్తారా?

జవాబు: మామూలుగా ఇవ్వరు. బిల్లులో కొంత శాతం తగ్గిస్తారు, అదీ మీరు అడిగితే. 99.9 అంటే ఏడాదిలో ఎనిమిదిముప్పావు గంటలు ఆగినా మాట తప్పనట్టే.

ప్రశ్న: నేను సిస్టమ్ అడ్మిన్‌ని. వయసు 46. అంతా క్లౌడ్‌కి వెళ్తే నా ఉద్యోగం ఉంటుందా?

జవాబు: డిస్కులు మార్చే పని పోతుంది. ఎవరికి ఏ అనుమతి ఉండాలి, బ్యాకప్ నిజంగా తిరిగొస్తుందా, నెట్‌వర్క్ ఎక్కడ తెగింది అన్నవి మీ దగ్గరే ఉంటాయి. కొత్తగా నేర్చుకోవాల్సింది బిల్లు చదవడం. మొదటి నెల బిల్లు అచ్చు తీసి, వరసకి వరస చూడండి. ఎవరో పరీక్షకని లేపి ఆపడం మరిచిపోయిన మెషీన్ ఒకటైనా దొరుకుతుంది. నాకు మూడు దొరికాయి, అందులో రెండు మా బాస్‌వి.