సరిహద్దు నుంచి వచ్చాక మా అబ్బాయి నిద్రపోవడం లేదు, ఏం చేయాలి?

అమ్మా, ఇతరులకు కూడా అర్థం కావాలని మీ పరిస్థితిని ముందు క్లుప్తంగా రాస్తున్నాను. మీవారు ఆర్మీలో ఉన్నారు. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైనప్పటి నుంచి 10 సాయంత్రం కాల్పులు ఆగేదాకా మీరూ, తొమ్మిదో తరగతి చదివే అబ్బాయీ జమ్మూలో క్వార్టర్స్‌లోనే ఉన్నారు. సైరన్లు, డ్రోన్లు, చీకటి. తర్వాత చిత్తూరు దగ్గర మీ పుట్టింటికి వచ్చేశారు, మీవారు అక్కడే డ్యూటీలో ఉన్నారు. నెలలు గడిచినా అబ్బాయికి నిద్ర పట్టడం లేదు. ఫోన్‌లో యుద్ధం వీడియోలే చూస్తున్నాడు. వినాయక నిమజ్జనంలో టపాసులు పేలితే బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాడు. మీ అమ్మగారు దిష్టి అంటున్నారు. మీ అన్న తిరుపతిలో హాస్టల్లో వేయమంటున్నాడు.

నేను డాక్టర్‌ని కాదు, తిరుపతిలో హైస్కూల్ టీచర్‌ని. అయితే నేనూ ఇలాంటి ఇంట్లోనే పెరిగాను.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మేం అక్కడే ఉన్నాం. మా నాయన ఒక కంపెనీలో లెక్కలు చూసేవాడు. బస్సుల్లో ఇరాక్ దాటి, జోర్డాన్ సరిహద్దులో ఎడారి గుడారాల్లో ఉండి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయికి వచ్చాం. అప్పట్లో దాదాపు 1,70,000 మంది భారతీయులను అలా తీసుకొచ్చారు. నాయన మాత్రం మాతో రాలేదు. రావాల్సిన జీతం ఉందని ఆగిపోయాడు. ఆ తర్వాత ఫోన్ లేదు, ఉత్తరం లేదు.

పాకాల దగ్గర మా తాతగారింట్లో ఉన్నాం. మా అన్నకు పదహారేళ్లు. రేడియో ముందు నుంచి లేచేవాడు కాదు. పిల్లలు భయపడతారని అమ్మ మా ముందు నాయన మాట ఎత్తేది కాదు. అమ్మ ఏడుస్తుందని మేమూ ఎత్తేవాళ్లం కాదు. అన్న చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పాడు: అమ్మ ఏమీ మాట్లాడటం లేదంటే నాయన చనిపోయిన కబురు ఆమెకు వచ్చే ఉంటుందని అనుకున్నాడట. నెలల తరబడి ఆ మాట ఎవరికీ చెప్పకుండా లోపలే పెట్టుకున్నాడు. కువైట్‌లో చూసినదానికంటే అదే వాణ్ణి ఎక్కువగా తినేసింది.

అందుకే మీరు రాసినవాటిలో 'వాళ్ల నాన్న విషయం వాడి ముందు ఎవరం మాట్లాడం' అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ముందు దాన్ని మార్చండి. మీవారి ఫోన్ వచ్చినప్పుడు చివర్లో కాసేపు వాడు ఒక్కడే మాట్లాడేలా చూడండి. 'నాన్నకు ఏమీ కాదు' అని హామీ ఇవ్వకండి. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఆ హామీ మన చేతిలో లేదని తెలుసు. 'అక్కడ సిగ్నల్ ఉండదు, ఒక్కోసారి ఫోన్ వాడనివ్వరు, ఫోన్ రాలేదంటే ఏదో అయిందని కాదు. ఏదైనా ఉంటే యూనిట్ వాళ్లే చెబుతారు, నాకు తెలిస్తే నీ దగ్గర దాచను' అనండి. 'నాకూ భయంగా ఉంది' అని మీరు చెప్పినా తప్పు లేదు. మీ ముఖం చూసి వాడికి ఆ సంగతి ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. 'ఇప్పుడు ఇంటికి మగదిక్కు నువ్వే' అని బంధువులు ఎవరైనా అంటుంటే మాత్రం గట్టిగా ఆపండి. మా అన్నతో ఆ మాట అనని చుట్టం లేడు.

నాన్న గురించి చెప్పమన్నాను కదా అని, వాడు చూసినదంతా కూర్చోబెట్టి చెప్పించకండి. బలవంతంగా గుర్తు చేయించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది. ఎదురెదురుగా కూర్చుంటే ఈ వయసు పిల్లలు నోరు విప్పరు. పక్కన ఉండి ఏదో పని చేస్తుంటే మాట్లాడతారు. ఆ చలికాలం మా తాత అన్నను బెల్లం గానుగ దగ్గరికి తీసుకెళ్లేవాడు. పొయ్యిలోకి చెరకు పిప్పి తోయడం వాడి పని. పాకం ముదిరేదాకా మంట తగ్గకూడదు, కాబట్టి వాడు లేకపోతే కుదరదు. అక్కడ కువైట్ సంగతి ఎవరూ అడగలేదు. ఒక రాత్రి వాడే గుడారాల గురించి మొదలుపెట్టాడట, తాత ఊ కొడుతూ విన్నాడు. ఆ రోజుల్లోనే వాడికి మళ్లీ నిద్ర అలవాటైంది. భయం పూర్తిగా పోలేదు. 1991 ఫిబ్రవరిలో గల్ఫ్ యుద్ధం ఆగి, తర్వాత నాయన తిరిగొచ్చాక కూడా హెలికాప్టర్ చప్పుడు వింటే లోపలికి పరుగెత్తేవాడు. అందుకే మీవారు సెలవు మీద వచ్చిన మర్నాటికల్లా అంతా సర్దుకుంటుందని అనుకోకండి. మీ పల్లెలో కూడా వాడి మీద ఆధారపడే పని ఒకటి చూడండి, ఆవులకు మేత వేయడమైనా సరే.

ఫోన్ లాక్కోవద్దు. గోరంట్ల మండలానికి చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ మే 9న సరిహద్దులో ప్రాణాలు కోల్పోయినప్పుడు, ఆ ఇంటి ఏడుపును టీవీల్లో, ఫోన్లలో రోజుల తరబడి చూపించారు. తండ్రి సైన్యంలో ఉన్న పిల్లవాడు ఆ దృశ్యంలో తన ఇంటిని చూసుకుంటాడు. రాత్రిపూట ఇంట్లో అందరి ఫోన్లూ, మీది కూడా, హాల్లోనే పెట్టండి. వార్తలు సాయంత్రం ఒక్కసారి కలిసి చూసి, ఏది నిజమో ఏది పుకారో మాట్లాడుకోండి.

దీపావళి వస్తోంది కాబట్టి చప్పుళ్ల సంగతి ఇప్పుడే వాడితో మాట్లాడండి. ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో, చెవుల్లో దూది పెట్టుకోవాలో వద్దో వాణ్ణే నిర్ణయించుకోనివ్వండి. 'మగపిల్లాడివి, టపాసులకు భయమేంటి' అన్న మాట ఇంట్లో వినపడకూడదు. ఒళ్లు వణికినప్పుడు పాదాలు నేలకు ఆనించి, ఊపిరి మెల్లగా, పొడవుగా వదలమనండి. చుట్టూ కనిపించే వస్తువుల పేర్లు ఒక్కొక్కటీ పైకి చెప్పమనండి. మా బడిలోనూ పిల్లలకు ఇది పనికొచ్చింది. వాళ్లు యుద్ధం చూసినవాళ్లు కాదు, పొలం గట్ల తగాదాల్లో ఇంటి మీదికి కర్రలతో మనుషులు వచ్చిన రాత్రి చూసినవాళ్లు.

అయితే ఇంట్లో చేసే ఈ పనులతోనే సరిపెట్టకండి. ఇలాంటి లక్షణాలు నెల దాటి ఉంటే డాక్టర్‌కి చూపించాలి, మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. యుద్ధం, ఘర్షణలు చూసిన ప్రాంతాల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, కాబట్టి ఇది మీవాడి పిరికితనం కాదు. తిరుపతి రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతకుముందే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. సైనిక కుటుంబాల కోసం పుణేలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో దీని ప్రత్యేక విభాగం కూడా పెట్టారు, మీవారిని యూనిట్‌లో అడగమనండి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం తేవద్దు. అమ్మగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, వాడికి అవ్వ చేయి తగులుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లడం మాత్రం దానికోసం ఆపకండి.

అడగడానికి నోరు రాకపోయినా ఇంకొకటి అడగాలి: 'చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?' అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. ఔనంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. మీది సేద్యం ఇల్లు కాబట్టి, వాడు ఏం చెప్పినా చెప్పకపోయినా పురుగుమందు డబ్బాలు ఈరోజే ఇంట్లోంచి తీసేసి వేరేచోట తాళం వేయించండి.

ఇక హాస్టల్. ఈ ఏడాది వద్దు. నాన్న దూరంగా ఉన్నాడు, పాత స్నేహితులు జమ్మూలో ఉండిపోయారు, ఇప్పుడు మిమ్మల్ని కూడా దూరం చేయకూడదు. మార్కుల గురించి మీ అన్నకు ఉన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది, కానీ తొమ్మిదిలో తగ్గిన మార్కులు పదిలో తెచ్చుకోవచ్చు. దగ్గర్లోని బడిలోనే ఉంచి, క్లాస్ టీచర్‌ని ఒంటరిగా కలిసి సంగతి చెప్పండి. తలుపు దగ్గర కూర్చోనివ్వమని, ఊపిరాడనట్టుంటే అడగకుండా బయటికి వెళ్లనివ్వమని, ఆ సమయంలో వాడు వెళ్లి కూర్చోవడానికి ఒక టీచర్‌ను చూపించమని కోరండి. మా స్టాఫ్‌రూమ్‌లో ఏ తల్లి వచ్చి ఇవి అడిగినా మేం కాదనం. వెళ్లేముందు మీవాణ్ణి కూడా అడగండి, టీచర్‌కి ఎంతవరకు చెప్పమంటావని.