లెవ్, కునా అంకెలను యూరోల్లోకి మార్చేటప్పుడు

బల్గేరియా పాత కరెన్సీ లెవ్, క్రొయేషియా పాత కరెన్సీ కునా. ఈ రెండు దేశాల జీతాల లెక్కలను యూరోల్లోకి మార్చడానికి 0.51, 0.13తో గుణిస్తే మొత్తాలు కలవట్లేదనీ, బల్గేరియా మారకం రేటు హెచ్చుతగ్గులు సున్నా వస్తున్నాయనీ అడిగారు.

సున్నా రావడం తప్పేమీ కాదండీ. రెండు దేశాలూ 2020 జులై 10న ఈఆర్‌ఎం-2లో, అంటే యూరోలోకి మారే ముందు సొంత కరెన్సీని యూరోకు దగ్గరగా ఉంచే ఏర్పాటులో, చేరాయి. అక్కడ నిర్ణయించిన రేటుకు అటూ ఇటూ 15 శాతం వెసులుబాటు ఉంది. కానీ 1997 నుంచి కరెన్సీ బోర్డు (కరెన్సీని ఒక విదేశీ కరెన్సీకి స్థిర రేటుతో కట్టేసే పద్ధతి) నడిపిన బల్గేరియా, యూరోకు 1.95583 లెవ్‌ల నుంచి కదలనని తనకు తానే మాటిచ్చింది. నిజానికి అది యూరోకు జర్మన్ మార్కు రేటు. లెవ్‌ను మొదట మార్కుకే కట్టారు. మీ మోడల్‌లో లాగ్ (సంవర్గమానం) తీస్తే ఈ సున్నా దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే సున్నాకు లాగ్ ఉండదు. కాబట్టి స్థిర రేటుకు డమ్మీ (స్థిర రేటు ఉంటే 1, లేకపోతే 0 అయ్యే చలరాశి) పెట్టండి.

మొత్తాలు చెడింది గుణించడం వల్లే. ఎప్పుడూ పూర్తి రేటుతో భాగించాలి, చివర్లోనే సెంట్లకు సవరించాలి. 10 లక్షల లెవ్‌లను 1.95583తో భాగిస్తే 5,11,291.88 యూరోలు, 0.51తో గుణిస్తే 5,10,000. తేడా 1,291.88! 1999 జులై 5కు ముందటి అంకెలైతే ముందుగా 1000తో భాగించండి, అవి పాత లెవ్‌లు.

కునాతో ఇంకాస్త జాగ్రత్త. యూరోకు 7.53450 కునాల రేటు స్థిరపడింది 2023 జనవరి 1 నుంచే, అంతకుముందు అది కదిలేది. దేశాల మధ్య పోల్చాలంటే ఆయా ఏళ్ల సగటు రేటు తీసుకోండి. క్రొయేషియాలో జీతాల పెరుగుదల ఒక్కటే కావాలంటే మొత్తం సిరీస్‌కి 7.53450 వాడండి, లేకపోతే కునా విలువలో మార్పు కూడా జీతం పెరిగినట్టో తగ్గినట్టో కనబడుతుంది.