వార్తల వరుస ఎవరిదో గమనించు

చిరంజీవి అమ్మలూ, ఆశీస్సులు.

రోజూ వార్తలు చదువుతున్నానని రాశావు, సంతోషం. అబద్ధపు వార్తలతో జాగ్రత్త అని నీకు అందరూ చెప్పే ఉంటారు. పత్రిక డెస్కులో ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ని కాబట్టి నేను చెప్పేది వేరు. ప్రతి అక్షరం నిజమైన పేజీ కూడా నీ దృష్టిని మళ్లించగలదు. ఏది పతాక శీర్షిక కావాలో, ఏది లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌గా మిగలాలో మేమే తేల్చేవాళ్లం. మర్నాడు జనం దేని గురించి వాదించుకుంటారో చాలావరకు అక్కడే తేలిపోయేది.

1968 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు మెకోంబ్స్, షా అనే పరిశోధకులు అక్కడి చాపెల్ హిల్ అనే ఊళ్లో, ఓటు ఎవరికో ఇంకా తేల్చుకోని 100 మందిని ముఖ్యమైన సమస్యలేమిటని అడిగారు. వాళ్లు చెప్పిన వరుస, అక్కడి పత్రికలు, టీవీ ఏ సమస్యకు ఎంత చోటిచ్చాయో ఆ వరుసతో దాదాపు సరిపోయింది. జనం ఆందోళననే పత్రికలు రాశాయేమో కదా అని నువ్వు అడగవచ్చు, అడగాలి కూడా. 1980లలో అయ్యంగార్, కిండర్ అనే మరో ఇద్దరు పరిశోధకులు ఆ సందేహాన్నే పరీక్షించారు. టీవీ వార్తల్లో ఒక సమస్యను కావాలని ఎక్కువగా చేర్చి చూపిస్తే, చూసినవాళ్లకు అదే మునుపటికన్నా ముఖ్యమైనదిగా తోచింది.

అందుకే పేపరు తెరవకముందే, నీకూ నీ చుట్టూ ఉన్నవాళ్లకూ నిజంగా ముఖ్యమైన మూడు విషయాలు కాగితం మీద రాసుకో. తర్వాత మొదటి పేజీ చూడు. నీ మూడింటిలో ఒక్కటీ కనిపించని రోజులే ఎక్కువ. వార్తకు సంఘటన కావాలి. వంతెన కూలితే వార్త. దాన్ని ఏళ్లపాటు ఎవరూ తనిఖీ చేయకపోవడం వార్త కాదు. భూగర్భ జలాలు తగ్గడం, పిల్లల్లో పోషకాహార లోపం వంటి నెమ్మది విషయాలను నువ్వే వెతుక్కుంటూ వెళ్లాలి. సంఘటన సద్దుమణిగిన నెలకు ఆ విషయం ఏమైందో చూడు. పాఠకులుగా మనం అన్నిటికన్నా తక్కువగా చేసే పని ఇదే, నాకు బాధ కలిగించేదీ ఇదే.

మాటల పొందిక కూడా పట్టించుకో. ఒక వ్యాధి వల్ల ప్రాణాపాయంలో ఉన్న 600 మందిలో 200 మంది బతుకుతారనడం, 400 మంది చనిపోతారనడం లెక్కకు ఒకటే. కానీ 1981లో ట్వెర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో మొదటి మాట విన్నవారిలో ఎక్కువమంది ఆ ఫలితాన్ని ఖాయంగా ఇచ్చే మార్గాన్ని కోరుకుంటే, రెండోది విన్నవారిలో ఎక్కువమంది అందరూ బతకవచ్చు, ఒక్కరూ బతకకపోవచ్చు అనే సాహసానికి సిద్ధపడ్డారు. శీర్షికను తిరగేసి రాసి చూడు. నీ కోపం అలాగే ఉంటుందో లేదో తెలుస్తుంది.

ఈ నెలాఖరున నీ మూడు విషయాల కాగితం నాకు పంపించు.

మీ తాతయ్య