శరణార్థుల కేసులు చూడబోతున్న శ్రావణికి

చి. ల. సౌ. శ్రావణికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

జడ్జి పరీక్ష కోచింగ్ మానేసి, ఢిల్లీలో శరణార్థుల కేసులు చూసే సంస్థలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. నిన్ను చెడగొట్టింది నేనేనని దెబ్బలాడాడు. సగం నిజమే కావచ్చు, చిన్నప్పుడు స్కూటర్ ముందు నిలబెట్టుకుని గుంటూరు కోర్టుకు తీసుకెళ్ళింది నేనేగా. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మ దగ్గర కాసేపు గొప్పలు పోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

హిందీ బాగా నేర్చుకో. స్వెట్టర్ అక్కడే కొనుక్కో, గుంటూరులో దొరికేది ఢిల్లీ చలికి ఆగదు. బార్ కౌన్సిల్ కాగితాలు జిరాక్స్ తీయించి పెట్టుకో.

నా బీరువాలో ఉన్న 1946 నాటి ఫారినర్స్ యాక్ట్ పుస్తకం అడిగావట. అది ఇక పాత చరిత్రే. దాని స్థానంలో 2025లో ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ యాక్ట్ వచ్చింది, కొత్తది కొనుక్కో. శరణార్థులకంటూ మన దేశంలో విడిగా చట్టం లేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో గానీ, 1967 ప్రోటోకాల్‌లో గానీ మనం చేరలేదు. నీకు ఆధారం రాజ్యాంగమే. 14, 21 అధికరణల రక్షణ పౌరులకే కాదు, ఈ గడ్డ మీదున్న ప్రతి మనిషికీ ఉంది. 1996లో, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి అరుణాచల్‌లో ఉంటున్న చక్మాల ప్రాణాలు కాపాడాల్సింది నువ్వేనని సుప్రీంకోర్టు అరుణాచల్ ప్రభుత్వానికి చెప్పింది ఆ 21 మీద నిలబడే. 1998లో గుజరాత్ హైకోర్టు, ప్రాణానికి ముప్పున్న చోటికి మనిషిని తిప్పి పంపకూడదన్న సూత్రాన్ని ఇరాకీల కేసులో ఒప్పుకుంది. ఈ రెండూ చదివి పొంగిపోకు. 2021 ఏప్రిల్‌లో మయన్మార్ నుంచి వచ్చిన జమ్మూ రోహింగ్యాల కేసులో, వాళ్ళను వెనక్కి పంపకుండా ఆపమంటే సుప్రీంకోర్టు మధ్యంతర ఊరట ఇవ్వలేదు. పద్ధతి ప్రకారం అయితే పంపించవచ్చంది. మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివాకే ఎవరికైనా ధైర్యం చెప్పు.

ఇక నా భయం. ఇది మీ నాన్నకు కూడా సరిగ్గా తెలియదు, వాడు పుట్టకముందు సంగతి.

మీ తాతయ్యకు బర్మాలోని రంగూన్‌లో బట్టల కొట్టు ఉండేది. 1962లో అక్కడ జనరల్ నేవిన్ సైన్యం గద్దెనెక్కింది. 1964లో కొట్లు ప్రభుత్వపరం చేశారు, మే నెలలో అక్కడి డబ్బు క్యాట్‌లో యాభై, వంద నోట్లు చెల్లవన్నారు. మేం కాందిశీకులమై మద్రాసులో ఓడ దిగాం. రేవులో గుమాస్తా బల్ల ముందు పెద్ద క్యూ. వెనకున్న ఆయనెవరో తాతయ్య చెవిలో ఊదాడు: "వ్యాపారం అనకండి, డబ్బెక్కడ దాచారని ఆరా తీస్తారు. కూలీ అనండి, తొందరగా వదిలేస్తారు." తాతయ్య భయపడి అలాగే చెప్పారు. కూలీ అన్నాక చదువు రాదనుకుని ఆ గుమాస్తా వేలిముద్ర వేయించుకున్నాడు. మూడు భాషలు చదవడం వచ్చిన మనిషి నోరెత్తకుండా వేలు ముందుకు చాపడం నేను పక్కన నిలబడి చూశాను.

గుంటూరు చేరాక, బర్మా నుంచి వచ్చిన వ్యాపారులకు అప్పులిస్తున్నారని తెలిసి ఆఫీసుకు వెళ్ళారు. అక్కడాయన కాగితం తిప్పి చూసి, "నువ్వు కూలీవి కదయ్యా, కొట్టెక్కడిది?" అన్నాడట. రంగూన్ లైసెన్సు చూపిస్తే అనుమానం ఇంకా పెరిగింది. లైసెన్సు మీద సంతకం, ఇక్కడేమో వేలిముద్ర! ఇద్దరూ ఒకరేనని ఎలా నమ్మాలి? తర్వాత 1969లో మాలాంటివాళ్ళ కోసమే కేంద్రం రెప్కో బ్యాంకు పెట్టింది. పేపర్లో ఆ వార్త చదివి మడిచి పెట్టేశారు గానీ, గడప దాటలేదు. చివరిదాకా పట్నంబజారులో మిర్చి వ్యాపారి దగ్గర పద్దులు రాశారు.

అయినా మనల్ని రానిచ్చింది మన దేశమే కాబట్టి అప్పు దొరక్కపోవడంతో సరిపోయింది. నీ ముందు కూర్చునేవాళ్ళకు తిరిగి పోవడానికి ఇల్లే లేదు. శ్రీలంక తమిళుల్ని, టిబెటన్లను ప్రభుత్వమే చూసుకుంటుంది. అఫ్గాన్ల వంటివాళ్ళు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ ముందు తమ కథ చెప్పుకోవాలి. అక్కడ ఒకసారి చెప్పినదానికీ, తర్వాత చెప్పినదానికీ పొంతన కుదరకపోతే మొత్తం కథే అబద్ధమంటారు. కాబట్టి మొదటి రోజే అడుగు: "ఇలా చెప్పమని నీకెవరైనా చెప్పారా?" కోప్పడకుండా అడుగు, లేకపోతే మళ్ళీ అబద్ధమే వస్తుంది. పాత కాగితంలో తప్పుంటే దాచొద్దు, ఎందుకలా చెప్పాల్సి వచ్చిందో అఫిడవిట్‌లో రాయించు. భార్య మాటను భర్త చేత తర్జుమా చేయించకు, ఆవిడతో విడిగా మాట్లాడు. తేదీల దగ్గర కంగారు పెట్టకు. అఫ్గాన్ల క్యాలెండరే వేరు. మీ నానమ్మ కూడా మీ పెద్దన్నయ్య దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు పుట్టాడనే చెప్పేది గానీ 1977 అనేది కాదు.

ఇంకొక టెన్షన్ ఉంది నాకు. నిన్ను చూడగానే వాళ్ళు కెనడా ఎప్పుడు, ఆస్ట్రేలియా ఎప్పుడు అని అడుగుతారు. యూఎన్‌హెచ్‌సీఆర్ పేరు పంపగలదు, తీసుకునేది ఆ దేశమే. ప్రపంచంలోని శరణార్థుల్లో ఏటా అలా వెళ్ళేవాళ్ళు నూటికి ఒక్కరు కూడా ఉండరు. అమెరికా 2025 జనవరిలో ఆ కార్యక్రమాన్నే ఆపేసింది. ఇందులో ఎక్కడా ఫీజు ఉండదు. డబ్బడిగినవాడు మోసగాడేనని మొదటి మాటగా చెప్పు. విజయవాడ బెంజి సర్కిల్‌లో విదేశాలకు పంపే కన్సల్టెన్సీల బోర్డుల కింద పెరిగిన పిల్లవి, ఆశ పట్టుకుని మనుషులు ఎంత అప్పు చేస్తారో నీకు నేను చెప్పక్కర్లేదు.

వాళ్ళ కష్టాలు విని ఇంటికొచ్చి ఏడవకు అనను, ఏడుస్తావు. అన్నం మాత్రం మానేయకు. ఒక్కదానివే రాత్రి పూట ఆటో ఎక్కకు, ఎక్కినా మీ అమ్మకు చెప్పకు, నాకు చెప్పు.

జీతం ఎంతో మీ నాన్న చెప్పలేదు. చెప్పలేదంటే తక్కువేనని నాకు అర్థమైంది. గది అడ్వాన్సు నేను పంపుతాను, అకౌంట్ నంబరు పెట్టు. వాడితో అనకు, మళ్ళీ నాతో దెబ్బలాటకు వస్తాడు.

మీ పెదనాన్న
గుంటూరు