ముందు నువ్వు పరిచయమవ్వు చెల్లె, షికాగో తర్వాత

చెల్లె, హన్మకొండ నుంచి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. శిశుగృహ నుంచి పాపను ఇంటికి తెచ్చుకున్నారు, కలెక్టరు దత్తత ఉత్తర్వు కూడా వచ్చింది. పాస్‌పోర్టు, వీసా చేతికి రాగానే ప్రయాణం. నువ్వు షికాగోలో కాపురం పెట్టి ఆరు నెలలే, నీకే దారులు సరిగా తెలియవు. ఏడాదిన్నర బిడ్డకు ఊరెలా చూపించాలి అని అడిగావు. మాది కాజీపేట. మా పాపను 2013లో వరంగల్ నుంచే తెచ్చుకున్నాం. అప్పట్లో ఉత్తర్వు కోర్టు ఇచ్చేది, 2022 సెప్టెంబరు నుంచి కలెక్టరు చేతికి వచ్చింది.

మొదటి రెండు నెలలు ఊరు చూపించకు. ఒక్క చోటు చూసుకో, మళ్లీ మళ్లీ అక్కడికే తీసుకుపో.

నేను అలా చేయలేదు. పాపతో షికాగోలో దిగిన నాలుగో రోజే మనవాళ్ల ఉగాది వేడుకకు ఎత్తుకుపోయాను. అందరూ ఎత్తుకున్నారు, బుగ్గలు గిల్లారు. పాప ఎవరి చేతికిస్తే వాళ్ల చేతికి పోయింది, ఒక్కసారీ ఏడవలేదు. ‘పేచీ లేని పిల్ల’ అంటుంటే నేనూ మురిసిపోయాను. ఆ రాత్రి నా చేతి నుంచి పాలసీసా తీసుకోలేదు. గోడవైపు తిరిగి, కళ్లు తెరుచుకునే, చప్పుడు లేకుండా పడుకుంది. పిల్లల డాక్టరు చెప్పేదాకా నాకు తెలియలేదు. డ్యూటీ మారినప్పుడల్లా ఇంకో ఆయమ్మ చేతిలోకి పోతూ పెరిగిన బిడ్డకు ఎవరు ఎత్తుకున్నా ఒకటే. ఏడ్చినా ఎవరూ రానప్పుడు పిల్లలు ఏడవడమే మానేస్తారు. కొత్తవాళ్లను చూసి నీ చున్నీ పట్టుకుని ఏడ్చిందనుకో, ఆ రోజు సంతోషపడు.

అప్పటిదాకా బువ్వ పెట్టడం, ఎత్తుకోవడం, స్నానం, నిద్రపుచ్చడం మీ ఇద్దరే చేయండి. అత్తమ్మ సాయానికి వస్తే వంట అప్పజెప్పు, బిడ్డను మాత్రం కాదు. ఆమె నొచ్చుకోవచ్చు. ఆ మాట మీ ఆయనతో చెప్పించు.

మా ఒక్క చోటు లింకన్ పార్క్ జూ. ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. డబ్బు ఆదా సంగతి కాదు నేను చెప్పేది. బిడ్డ పావుగంటకే బెదిరితే వెంటనే వెనక్కి రావడానికి మనసొప్పుతుంది. సింహాల దగ్గరికి పోకు. లోపల ఊరి పొలంలా కట్టిన భాగం ఒకటుంది, ఆవులూ మేకలూ ఉంటాయి. అక్కడే కూర్చో. మేం ఆ నెలలో తొమ్మిదిసార్లు పోయాం. ఏడోసారి అనుకుంటా, కంచె సందులోంచి ముక్కు బయటపెట్టి ఒక మేక గట్టిగా తుమ్మింది. పాప ఉలిక్కిపడి నా మొహం వైపు చూసింది. నేను నవ్వాను. మళ్లీ మేకను చూసి ‘మేక’ అంది. మాట వచ్చినందుకు కాదు, భయమేసి నా మొహం వెతుక్కున్నందుకు నాకు ఏడుపొచ్చింది.

ఏడేళ్లలోపు పిల్లలకు, టికెట్ ఉన్న పెద్దవాళ్లతో ఉంటే, షికాగో సిటీ సర్వీసైన సీటీఏ బస్సులోనూ రైల్లోనూ ఛార్జీ లేదు. అయినా మొదట్లో బస్సే నయం. డౌన్‌టౌన్‌లో తలమీద ఇనుప వంతెన మీద రైలు పోతుంటే మనకే గుండె దడదడలాడుతుంది. బాత్రూముల్లో చేతులు ఆరబెట్టే మెషిన్ మోతకు మా పాప వారం దాకా ఏ బాత్రూములోకీ రానంది. నీ తువాలు నువ్వే తీసుకుపో. పొద్దున ఒక గంట తిరిగి, ఇంటి పప్పన్నమే పెట్టి, నిద్రవేళకు ఇల్లు చేరు. ఏప్రిల్‌లో కూడా సరస్సు మీద నుంచి చలిగాలి కొడుతుంది. మన ఎండల్లో పలుచటి గౌనుతో తిరిగిన బిడ్డ కోటు, సాక్సు పీకి పారేస్తుంది. ముందు ఇంట్లోనే రోజూ పది నిమిషాలు తొడిగి ఆడించు.

సరుకులకు మన దుకాణాలుండే డెవాన్ అవెన్యూ పోవాలంటే ఒక్కదానివే పో. షికాగో దగ్గర అరోరా ఊళ్లో ఉన్న బాలాజీ గుడి దర్శనం రెండు నెలలయ్యాక, రద్దీ లేని రోజు చూసుకుని పెట్టుకో.

మీ ఆయన అమెరికా సిటిజన్ కాబట్టి, పాప ఐహెచ్-3 వీసా (దత్తత ఇండియాలోనే పూర్తయిన బిడ్డకు ఇచ్చేది) మీద దిగితే పౌరసత్వ పత్రం పోస్టులో దానంతటదే వస్తుంది. మెయిల్‌బాక్స్ మీద పాప పేరు కూడా అంటించు. దత్తతలు చూసే కేంద్ర సంస్థ ‘కారా’కు మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి ఫొటోలతో రిపోర్టు పోవాలి. ఆ మేకల దగ్గర తీసినవే పంపొచ్చు, ముస్తాబు చేసి స్టూడియోకు తిప్పకు.

ఇంకొక పని అక్కడుండగానే చేసుకో. శిశుగృహకు పోయి పాప కప్పుకున్న దుప్పటి అడిగి తెచ్చుకో, ఉతకకు, తెలిసిన వాసన పోతుంది. ఆయమ్మ నిద్రపుచ్చేటప్పుడు ఏమని పిలిచేదో, వీపు తట్టేదో తల నిమిరేదో అడుగు. వీలైతే ఆమె గొంతు ఫోన్లో రికార్డు చేసుకో.