మందు వేయకముందే మూత్రం పట్టాలి

ప్రశ్న: మా అత్తమ్మకు 74 ఏండ్లు, షుగర్ ఉంది. రెండు రోజుల సంది ఉన్నట్టుండి సంబంధం లేని మాటలు మాట్లాడుతోంది, మంచంలనే ఒంటికి పోస్తోంది. మంట లేదంటది. పోయిన నెల మంటయితే మెడికల్ షాపుల అడిగి మూడు రోజులు గోలీలు వేసినం. తగ్గింది. ఇప్పుడు వయసు మీద పడ్డదని అంటున్నరు. నిజమేనా?
– ఒక కోడలు, పరకాల

జవాబు: వయసుతో వచ్చే మతిమరుపు నెలలు, ఏండ్ల మీద ముదురుతుంది. రెండు రోజుల్లో వచ్చిందంటే వేరే కారణం వెతకాల్సిందే. ముందు షుగర్ మిషన్‌తో చూడండి. 70 కన్నా తక్కువుండి, మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. షుగర్ బాగానే ఉన్నా ఇవాళే డాక్టరుకు చూపించాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఒంట్లో నీరు, సోడియం తగ్గినా, మలబద్ధకమైనా ఇలాగే తికమకపడతారు.

మూత్రం కల్చర్‌కు (ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకు) ఇవ్వాలి, అదీ మొదటి గోలీ పడకముందే. మామూలు నీళ్లతో కడిగి, మొదటి ధార వదిలేసి, నడిమి ధారను ల్యాబు వాళ్లిచ్చే మూత సీసాలో పట్టండి. మూత లోపల వేలు తగలొద్దు. బెడ్‌పాన్‌లోంచి వంపింది పనికిరాదు. గంటలోపు ల్యాబుకు చేరాలి. హనుమకొండ దాకా పోవాల్సి వచ్చి ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. మన ఎండలకు సీసాలోనే క్రిములు పెరిగి, లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. ఏ మందుకు క్రిమి చస్తుందో తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. పరిస్థితిని బట్టి డాక్టరు ఈలోగానే మందు మొదలుపెట్టి, తర్వాత మార్చవచ్చు. పోయిన నెల ఈ పరీక్ష లేకుండానే గోలీలు పడ్డాయి. ఆ పేరు, ఇప్పుడు వాడే షుగర్ గోలీల పట్టీ రెండూ చూపండి. డాపాగ్లిఫ్లోజిన్ వంటివి వాడితే మూత్రంతో చక్కెర బయటికి పోయి, ఆ భాగంలో ఫంగస్, దురద రావచ్చు.

ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గి యోని పొర పలచబడుతుంది. మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వస్తుంటే లోపల రాసే ఈస్ట్రోజెన్ క్రీము సంగతి అడగండి, సిగ్గుపడాల్సింది లేదు. పెద్దవాళ్లకు దూప సరిగా తెలియదు, రాత్రి లేవాలన్న భయంతోనూ నీళ్లు మానేస్తారు. పగలే లీటరున్నర తాగించి, సాయంత్రం తగ్గించండి. గుండె, కిడ్నీ జబ్బుంటే డాక్టరు చెప్పిన కొలతే. బార్లీ నీళ్లూ నీళ్లే, వాటితో ఇన్‌ఫెక్షన్ పోదు.

చలిజ్వరం, పక్కటెముకల కింద వెనకవైపు నొప్పి, వాంతులు, మగత, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం – వీటిలో ఏదున్నా అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా నాయినకు ప్రోస్టేట్ వల్ల రెండు నెలల సంది మూత్రం పైపు (క్యాథెటర్) ఉంది. జ్వరం లేదు, కానీ రిపోర్టుల క్రిములున్నయట. గోలీలు వేయాల్నా?
– భూపాలపల్లి

జవాబు: అన్ని రోజులు పైపు ఉంటే క్రిములు చేరనివాళ్లు ఉండరు. జ్వరం, చలి, నొప్పి, కొత్తగా తికమక లేనప్పుడు యాంటీబయాటిక్ వేస్తే క్రిములు ఆ మందుకు మొండికేస్తాయి, అంతే. వాసన వచ్చిందని కూడా వేయొద్దు. మూత్రం సంచి ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలొద్దు. సగం నిండగానే ఖాళీ చేయండి. పైపుకూ సంచికీ మధ్య అతుకు విప్పకండి. ఎప్పుడైనా కల్చర్ అవసరమైతే కొత్త పైపు వేశాక దానినుంచి తీయమనండి, సంచిలోది ఇవ్వకండి.