వేషం లేని అమ్మాయి

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్ యాన్యువల్ డే నాటకానికి అసిస్టెంట్ డైరెక్టర్‌గా పెట్టారు. వేషం లేదు, రోజూ సాయంత్రం రెండు గంటలు పోతున్నాయి. మాన్పించి శని, ఆదివారాల్లో లీడర్‌షిప్ కోర్సులో చేర్పిస్తే సర్టిఫికెట్ వస్తుంది, అమెరికా కాలేజీలకు పనికొస్తుంది. ఏది మేలు?

జవాబు: ‘వేషం లేదు’ అన్నారు చూడండి, మీ దిగులంతా అక్కడే ఉంది. అందరూ తమ పిల్లల్ని స్టేజీ మీద వీడియో తీసుకుంటుంటే మీరు ఎవర్ని తీస్తారు? ఏటా నాకు ఇదే ప్రశ్న వస్తుంది. బాధపడటం సహజం. అందుకని పిల్లను మధ్యలో లాగేస్తాననడం మాత్రం తప్పండీ, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

అక్కడ ఏం చేస్తోందో ఒక్కసారైనా అడిగారా? ఎవరు ఏ మాటకు ఎటునుంచి రావాలో, లైటు ఎప్పుడు ఆరాలో స్క్రిప్టు పక్కన రాసుకోవాలి. రాని పిల్లాడి బదులు నిలబడి వాడి మాటలు చదవాలి. మాట మర్చిపోయిన స్నేహితురాలికి మెల్లగా అందించాలి. చిన్న వేషమని అలిగినవాణ్ణి బుజ్జగించి మర్నాటికి రప్పించాలి. మార్కులు వేసే టీచరు కాదు, తిట్టే పెద్దా కాదు. అయినా ఈడు పిల్లలు తన మాట వినాలి. ఉద్యోగంలో మీ టీమ్‌తో ఇది ఎంత కష్టమో మీకు తెలియదా?

ఆ కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. బిడియం ఉన్న పిల్లలకు నలుగురిలో మాట్లాడటం అలవాటవుతుంది, అంతవరకు మంచిదే. కానీ ఫైలు నిండా సర్టిఫికెట్లతో వచ్చిన పిల్లల్ని ‘నీ మాట ఎవరూ విననప్పుడు ఏం చేశావు?’ అని అడిగితే చాలామంది అమ్మ వైపు చూస్తారు. చాలా అమెరికా కాలేజీల ఉమ్మడి దరఖాస్తు అయిన కామన్ యాప్‌లో ఒక్కో వ్యాపకం గురించి వివరించడానికి 150 అక్షరాలే ఇస్తారు. మీ అమ్మాయి అవి సులువుగా నింపేస్తుంది. కోర్సుకు వెళ్ళొచ్చినవాళ్ళు అక్కడ ఏం రాస్తారు?

చదువు భయం వద్దు, యాన్యువల్ డే అయిపోగానే సాయంత్రాలు తిరిగొస్తాయి. ఈలోగా ఒక ఆదివారం జేపీ నగర్ రంగశంకర నాటకశాలకు తీసుకెళ్ళండి. నాటకం మొదలయ్యాక అక్కడ లోపలికి రానివ్వరు, మన ట్రాఫిక్ సంగతి తెలుసుగా, ముందే బయల్దేరండి. తిరిగొచ్చేటప్పుడు లైట్లు ఎలా మారాయో ఆమెనే అడగండి, దారి పొడుగునా చెబుతుంది. స్కూల్ నాటకం అయ్యాక ఆమె గీతలు, గుర్తులతో నిండిన ఆ స్క్రిప్టు అడిగి తీసుకుని దాచండి.